చలి ముదరకముందే చేపకు పెట్టాల్సినవి

మీరు అడిగింది ఇది: హాలియా దగ్గర 2 ఎకరాల చెరువు. రవ్వ, బొచ్చె, కొద్దిగా మృగాల కలిపి 6,000 చేపలున్నాయి. ఇప్పుడు సగటున 400 గ్రాములు తూగుతున్నాయి. పోయిన డిసెంబరులో ఎర్రమచ్చలు వచ్చి బాగా నష్టపోయారు. ఈసారి ముందే జాగ్రత్తపడదామని మందుల షాపుకు వెళ్తే ఐదు రకాలు రాసిచ్చారు: విటమిన్ సి, బీటా గ్లూకాన్, గట్ ప్రోబయాటిక్ (పేగులో మేలుచేసే బ్యాక్టీరియా), ఒక లివర్ టానిక్, ‘ఇమ్యూనిటీ బూస్టర్’ అని రాసున్న ఒక డబ్బా. ఇవన్నీ కొనాలా, ఇంట్లో పసుపు, ఎల్లిగడ్డ కలిపి పెడితే సరిపోతుందా అన్నారు.

ఐదింటిలో రెండు తప్పకుండా కొనండి. విటమిన్ సి ఒకటి, బీటా గ్లూకాన్ రెండోది. ప్రోబయాటిక్ సంగతి షాపువాళ్లు దాన్ని ఎక్కడ, ఎలా నిల్వ ఉంచారో చూశాక తేల్చుకోండి. లివర్ టానిక్, ఆ బూస్టర్ డబ్బా వద్దు. ఆ డబ్బుతో తాజా మేత కొనండి. వీటన్నిటికంటే ముఖ్యమైనది తేదీ. ఇప్పుడు అక్టోబరు చివర ఉన్నాం. నవంబరు మొదటి వారంలో మొదలుపెడితే ఈ రెండు పొడులకు పెట్టిన ఖర్చు దక్కుతుంది. డిసెంబరు మూడో వారంలో, మచ్చలు కనబడ్డాక మొదలుపెడితే అంతా నీళ్లపాలే.

ఎందుకంటే జబ్బు చేసిన చేప ముందుగా మానేసేది మేతనే. మచ్చ పడ్డ రవ్వను చూసే ఉంటారు. గట్టు పక్కన, నీళ్ల పైపైన మందకొడిగా తిరుగుతుంది. చెయ్యి ఊపితే లోపలికి పోదు. మేత చల్లితే అటువైపు కూడా రాదు. మనం మేతలో ఎంత మంచి మందు కలిపినా దాన్ని తినేది బాగున్న చేపే, బాగాలేని చేప నోట్లో ఒక్క గింజ పడదు. పైగా ఈ పొడులు మందులు కావు. చేప ఒంట్లో ఉన్న రక్షణను ముందుగా సిద్ధం చేసి పెడతాయి. ఆ సిద్ధం కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది.

నా చెరువులో జరిగింది చెప్తాను. పన్నెండేళ్ల కింద పెద్దవూర దగ్గర మూడెకరాల చెరువు కౌలుకు తీసుకున్నాను. ఆ వానాకాలం పల్లి చెక్క తక్కువ ధరకు వస్తోందని 40 బస్తాలు ఒకేసారి దించుకుని, మోటారు రూములో షాబాదు బండల మీదే పేర్చాను. కింద చెక్కలు వేయలేదు, గోడకు ఎడం ఉంచలేదు. దసరా తర్వాత కింది వరస బస్తాలు విప్పితే చెక్క మీద పచ్చగా, పసుపుగా బూజు. ఎండలో ఆరబెడితే పోతుందని ఒక పెద్ద షాపతను చెప్పాడు. పైగా ‘చేపకు శక్తి తగ్గకుండా’ అని రెండు డబ్బాల ఇమ్యూనిటీ లిక్విడ్ కూడా ఇచ్చాడు. చెక్క ఆరబెట్టాను, లిక్విడ్ కలిపాను, రోజూ పెట్టాను. డిసెంబరులో చేపలు రోజుకు పది, పదిహేను తేలడం మొదలైంది. ఒకరోజు పొద్దున్నే అప్పుడే చచ్చిన రవ్వను గట్టు మీదే బ్లేడుతో కోశాను. ముదురు ఎరుపులో, గట్టిగా, మెరుస్తూ ఉండాల్సిన కార్జం పాలిపోయి పసుపు తెలుపుగా ఉంది. బొటనవేలితో ఒత్తితే ఉడికిన పప్పులా చిదిగిపోయింది. ఇంకో మూడు చేపలు కోస్తే మూడూ అంతే. అప్పటికి అరకిలో దాటిన చేపలు, వేసవిలో అమ్మాల్సిన పంట.

ఆ పసుపుపచ్చ బూజు విడుదల చేసేది అఫ్లటాక్సిన్ అనే విషం. ఎండ పెడితే పై బూజు రాలిపోతుంది కానీ విషం చెక్కలోనే ఉంటుంది, మామూలుగా ఉడకబెట్టినా పోదు. అది ముందు కార్జాన్ని కొడుతుంది, దాంతోపాటు చేపకు జబ్బును తట్టుకునే శక్తిని కూడా పడగొడుతుంది. అంటే నేను ఒక చేత్తో ఇమ్యూనిటీ పోస్తూ, రెండో చేత్తో దాన్ని తీసేశాను. అప్పటినుంచి నన్ను ఎవరు ఏ పౌడరు గురించి అడిగినా ముందు ‘మీ మేత గది తలుపు తీయండి, చూద్దాం’ అంటాను. మీరు కూడా ఈ రోజే చూడండి. చెక్క బస్తా అడుగున చెయ్యి పెట్టి ఒక పిడికెడు తీసి వాసన చూడండి. మగ్గిన వాసన వచ్చినా, గడ్డకట్టినా, రంగు మారినా ఆ బస్తా చేపకు వద్దు, పశువుకు కూడా వద్దు.

తవుడు విషయంలో మనకు ఒక సౌకర్యం ఉంది, అందులోనే ఒక ప్రమాదమూ ఉంది. పక్కనే మిర్యాలగూడలో అన్ని రైస్ మిల్లులున్నాయి కాబట్టి తవుడుకు కొదవ లేదు. కానీ నూనె తీయని పచ్చి తవుడు మిల్లు నుంచి బయటపడిన కొద్ది రోజులకే చేదెక్కడం మొదలవుతుంది. అందులోని నూనె చెడిపోతుంటే ఆ చెడిన నూనె మేతలో ఉన్న విటమిన్ ఇ ని తినేస్తుంది. బాయిల్డ్ బియ్యం తవుడు కొంచెం ఎక్కువ రోజులు ఆగుతుంది, నూనె తీసిన డీఓబీ ఇంకా బాగా ఆగుతుంది. పచ్చి తవుడు వాడితే వారానికి సరిపడా మాత్రమే తెచ్చుకోండి. నాలుక మీద కొంచెం వేసుకుంటే తెలిసిపోతుంది. తియ్యగా ఉంటే మంచిది, చేదుగా గొంతులో పట్టుకుంటే పాతది.

ఇక చేప ఒంట్లో ఏం జరుగుతుందో చెప్తే ఆ రెండు పొడులే ఎందుకన్నానో అర్థమవుతుంది. మనిషికీ చేపకూ ఒక తేడా ఉంది. మనకు ఒకసారి వచ్చిన జబ్బును గుర్తుపెట్టుకుని దానికి తగిన యాంటీబాడీలు త్వరగా తయారవుతాయి. చేపకూ అవి ఉన్నాయి, కానీ తయారవడానికి చాలా రోజులు పడుతుంది. చేప ఒంటి వేడి నీళ్ల వేడిని బట్టే ఉంటుంది కాబట్టి నీళ్లు చల్లబడితే ఆ పని ఇంకా నెమ్మదిస్తుంది. అందుకని చేప ఎక్కువగా పుట్టుకతో వచ్చిన రక్షణ మీదే బతుకుతుంది. ఒంటి మీద జిగురు, పొలుసు, ఆ జిగురులో క్రిములను చంపే లైసోజైమ్, రక్తంలో క్రిమిని మింగే కణాలు, ఇవే దాని సైన్యం. చేపను పట్టుకున్నప్పుడు చేతికి అంటే జిగురును మురికి అనుకుంటాం, కానీ అది దాని మొదటి గోడ. గరుకు వలతో ఆ జిగురు రాసుకుపోతే అక్కడి నుంచే క్రిమి లోపలికి పోతుంది.

ఎర్రమచ్చ జబ్బు మన దేశంలోకి 1988లో వచ్చింది. దాని అసలు కారకం అఫనోమైసిస్ అనే బూజు లాంటి క్రిమి. వానాకాలం వెళ్లి నీళ్లు చల్లబడే సమయంలోనే అది ఎందుకు విజృంభిస్తుందంటే, ఎండాకాలంలో అది కండలోకి దిగినా చేప రక్తకణాలు దాని చుట్టూ గోడ కట్టి ఆపగలవు. నీళ్లు 20 డిగ్రీల దగ్గరికి పడితే ఆ కణాలు మెల్లగా కదులుతాయి, బూజు మాత్రం పెరుగుతూనే పోతుంది. పైన కనబడే ఎర్రమచ్చ కింద కండ అప్పటికే లోతుగా కుళ్లి ఉంటుంది. ఆ పుండులోకి ఏరోమోనాస్ లాంటి బ్యాక్టీరియా చేరి చేపను పడగొడుతుంది.

బీటా గ్లూకాన్ అనేది ఈస్ట్ కణం గోడలో ఉండే పదార్థం. బూజుల కణగోడల్లో కూడా ఇలాంటి పదార్థమే ఉంటుంది. చేప పేగులోకి అది చేరితే, మింగే కణాలు శత్రువు వచ్చాడని అనుకుని మేలుకుంటాయి. జబ్బు రాలేదు, కానీ సైన్యం లేచి నిలబడింది. అందుకే దాన్ని చలికి ముందు పెడతాం. అందుకే రోజూ నెలల తరబడి పెట్టకూడదు కూడా. ఎప్పుడూ మోగే గంటను ఎవరూ పట్టించుకోనట్టు, కొన్నాళ్లకు ఆ కణాలు స్పందించడం మానేస్తాయి. రెండు వారాలు పెట్టి, నాలుగు వారాలు ఆపి, మళ్లీ రెండు వారాలు పెట్టడం నాకు నచ్చిన పద్ధతి. మీ లెక్కలో నవంబరు 1 నుంచి 14 వరకు ఒకసారి, డిసెంబరు 13 నుంచి 26 వరకు రెండోసారి. మోతాదు కిలో మేతకు 1 గ్రాము. ప్యాకెట్ మీద గ్లూకాన్ శాతం రాసి ఉండాలి. కొన్నిటిలో సగం కూడా ఉండదు, మిగతాది పిండి. శాతం రాయని ప్యాకెట్ తీసుకోవద్దు.

విటమిన్ సి ఇంకా ముఖ్యమైనది. రవ్వ, బొచ్చె లాంటి చేపలు దాన్ని సొంతంగా తయారు చేసుకోలేవు, మేతలోనే రావాలి. తవుడు, పల్లి చెక్కలో అది దాదాపు ఉండదు. నీళ్లలో పాచి, చిన్న పురుగులు బాగా ఉన్నప్పుడు చేప వాటి నుంచి కొంత తీసుకుంటుంది. మీలా ఎకరానికి 3,000 చొప్పున వేసిన చెరువులో చేప పెరిగేకొద్దీ ఆ వాటా తగ్గిపోతుంది. విటమిన్ సి లేకపోతే చర్మం, గాయం మానే కణజాలం సరిగ్గా అల్లుకోవు. చేపపిల్లల చెరువుల్లో వెన్ను వంకర తిరిగిన చేపలు కనబడితే నేను ముందు అనుమానించేది దీన్నే. మామూలు పెరుగుదలకు కిలో మేతలో 50 మిల్లీగ్రాములు చాలు, కానీ చలికి, రవాణాకు, వల తిప్పడానికి ముందు 500 మిల్లీగ్రాముల దాకా పెంచుతాం.

ఇక్కడే చాలామంది మోసపోతారు. మెడికల్ షాపులో దొరికే మామూలు ఆస్కార్బిక్ ఆమ్లం వేడికి, గాలికి, తడికి త్వరగా చెడిపోతుంది. మీకు కావాల్సింది ఫాస్ఫేట్ కట్టిన విటమిన్ సి. డబ్బా మీద ‘ఆస్కార్బైల్ ఫాస్ఫేట్’ అని ఉంటుంది, సాధారణంగా 35 శాతం అని రాసి ఉంటుంది. 35 శాతం అంటే గ్రాములో 350 మిల్లీగ్రాములే విటమిన్. కాబట్టి 500 మిల్లీగ్రాములు కావాలంటే కిలో మేతకు దాదాపు 1.4 గ్రాముల పొడి వేయాలి.

మీ చెరువు లెక్క వేద్దాం. 6,000 చేపలు, 400 గ్రాములు, మొత్తం 2,400 కిలోలు. నవంబరులో బరువులో 2 శాతం మేత అంటే రోజుకు 48 కిలోలు. దానికి విటమిన్ సి పొడి 67 గ్రాములు, గ్లూకాన్ 48 గ్రాములు. నెల రోజులకు విటమిన్ సి 2 కిలోలు, రెండు వారాలకు గ్లూకాన్ 700 గ్రాముల లోపే. ఈ లెక్క కాగితం మీద రాసుకుని షాపుకు వెళ్లండి, అంతకు మించి అంటగట్టనివ్వకండి. ఇందులో చేపల బరువు మాత్రం సరిగ్గా తేలాలి. వల వేసి కనీసం 50 చేపలు తూచి సగటు తీయండి, కంటితో చూసి 400 అనుకోవద్దు.

కలపడం దగ్గర సగం మంది ఓడిపోతారు. మన దగ్గర ఎక్కువమంది తవుడు, చెక్క సంచిలో నింపి, అడుగున రంధ్రాలు చేసి, వెదురు గుంజకు కట్టి నీళ్లలో వేలాడదీస్తారు. మేత వేయడానికి అది మంచి పద్ధతే. కానీ నీళ్లలో కరిగే విటమిన్ పొడిని ఆ సంచిలో కలిపితే, చేప నోరు పెట్టేలోపే నీళ్లు దాన్ని కడిగేస్తాయి. ఈ పొడుల కోసం ఆ నెల రోజులు రోజూ మేతలో కనీసం మూడో వంతు గుళిక మేత పెట్టండి. పొడి మొత్తం ఆ గుళికలకే పట్టించండి.

పట్టించే తీరు ఇది. నీడలో శుభ్రమైన టార్పాలిన్ పరవండి. 16 కిలోల గుళికలు పలచగా పోయండి. చల్లారిన పలచటి గంజి 600 మిల్లీలీటర్లు ఒక గిన్నెలో తీసుకుని, అందులో 67 గ్రాముల విటమిన్ పొడి, 48 గ్రాముల గ్లూకాన్ వేసి ఉండలు లేకుండా కలపండి. గంజి వేడిగా ఉంటే విటమిన్ పోతుంది, గిన్నె అడుగున వేలు పెట్టి చల్లగా ఉందా అని చూసుకోండి. పంటలకు మందు కొట్టని కొత్త స్ప్రేయర్ ఉంటే దాంతో చల్లండి, లేకపోతే చేత్తో చిలకరిస్తూ ఇద్దరు అటూ ఇటూ టార్పాలిన్ కొసలు పట్టి దొర్లించండి. గుళికలన్నీ ఒకేలా నిగనిగలాడాలి, ఒకదానికొకటి అంటుకోకూడదు. అరగంట ఆరాక కిలోకు 10 మిల్లీలీటర్ల చొప్పున నూనె, అంటే 160 మిల్లీలీటర్లు పట్టించండి. ఆ నూనె పొర పొడిని నీళ్లలో త్వరగా కరగనివ్వదు. ఇంకో అరగంట నీడలో ఆరబెట్టి, ఆ రోజే పెట్టేయండి. రేపటికి దాచుకోవద్దు.

ఇంకొకటి, తేలే మేత మాత్రమే పెడితే బొచ్చె, రవ్వ తిని వెళ్తాయి, అడుగున తిరిగే మృగాలకు దక్కదు. ఎర్రమచ్చ మృగాలను కూడా పట్టుకుంటుంది కాబట్టి పొడి పట్టించిన గుళికల్లో కొన్ని మునిగేవి కూడా ఉండాలి. మేతంతా ఒకే మూల చల్లితే పెద్ద చేపలే ముందు తింటాయి. నాలుగు చోట్ల చల్లండి. చలిలో పొద్దున్నే వేయకండి, ఎండ తగిలి నీళ్లు వేడెక్కాక, పది పదకొండు గంటల మధ్య వేయండి. చల్లిన మేత అరగంటలో అయిపోకపోతే మరుసటి రోజు తగ్గించండి. మిగిలిన మేత అడుగున కుళ్లితే చేపకు మీరు పెట్టిన రక్షణ అంతా అక్కడే పోతుంది.

ప్రోబయాటిక్ మాట. మంచి సరుకు దొరికితే నాకు నమ్మకమే. కార్పు జాతి చేపలకు నిజమైన కడుపు ఉండదు, మేత నేరుగా పేగులోకి వెళ్తుంది. ఆమ్లం దెబ్బ లేకపోవడంతో మేలుచేసే బ్యాక్టీరియా బతికి పేగు చేరడం తేలిక. అక్కడ చోటు పట్టుకుని చెడు బ్యాక్టీరియాకు స్థలం ఇవ్వదు. కానీ మన నల్లగొండ ఎండలు తెలుసు కదా. మే నెలలో 44, 45 డిగ్రీలు. రేకుల షెడ్డులో అట్టపెట్టెల్లో ఆ వేసవంతా ఉడికిన డబ్బాలో లాక్టోబాసిల్లస్ బతికి ఉండదు. బాసిల్లస్ రకాలు మాత్రం గట్టి విత్తనాల్లాంటి స్పోర్లుగా మారి వేడిని తట్టుకుంటాయి. కొంటే బాసిల్లస్ సబ్టిలిస్ లేదా లైకెనిఫార్మిస్ ఉన్నది, గ్రాముకు ఎన్ని కోట్ల సీఎఫ్‌యూ (బతికున్న బ్యాక్టీరియా లెక్క) అని రాసి ఉన్నది, తయారీ తేదీ దగ్గరగా ఉన్నది తీసుకోండి. నీళ్లలో చల్లే ప్రోబయాటిక్, మేతలో కలిపేది వేర్వేరు. షాపులో ఒకటి అడిగితే ఇంకొకటి ఇస్తారు, చూసుకోండి. యాంటీబయాటిక్ వాడే రోజుల్లో ప్రోబయాటిక్ కలపడం దండగ, అది దీన్ని కూడా చంపేస్తుంది.

ఇంటి పదార్థాల గురించి అడిగారు, వాటిని నేను తక్కువ చేయను. ఎల్లిగడ్డ నేను ఏళ్ల తరబడి వాడాను. కిలో మేతకు 5 నుంచి 10 గ్రాములు, పచ్చిదే దంచి పది నిమిషాలు అలాగే ఉంచాలి. దంచినప్పుడే దాని ఘాటు పదార్థం, అల్లిసిన్, తయారవుతుంది. ఉడకబెడితే పోతుంది. దాని వాసనకు చేప మేతకు బాగా వస్తుంది, చలిలో మేత మీద ఆసక్తి తగ్గినప్పుడు ఇది పనికొస్తుంది. రోజూ తాజాగా దంచుకోవాలి, వారానికోసారి దంచి డబ్బాలో పెడితే బూజు పడుతుంది. పసుపు కిలోకు 2 నుంచి 5 గ్రాములు చాలు. ప్యాకెట్ పసుపులో రంగు కలిపి ఉంటుందన్న భయం ఉంటే కొమ్ములు తెచ్చి మీరే పట్టించుకోండి. రవ్వ మీద ఎల్లిగడ్డతోనూ, పసుపుతోనూ పరిశోధనలు జరిగాయి. ఏరోమోనాస్ ఎక్కించినప్పుడు అవి తిన్న చేపలు ఎక్కువగా బతికాయని తేలింది. తిప్పతీగ, ఉసిరి పొడి కూడా మంచివే. వేప దగ్గర మాత్రం జాగ్రత్త. వేప మోతాదు మించితే చేపకే విషం. ‘చేదు కదా, మంచిదే’ అని వేపపిండి గంపలకొద్దీ చెరువులో వేసి చేపలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. వేప జోలికి వెళ్లకండి.

ఈ ఇంటి పదార్థాలు విటమిన్ సి కి బదులు రావు. ఎల్లిగడ్డ పెడుతున్నాను కదా అని పొడి మానేయవద్దు. రెండూ పెట్టొచ్చు. ఈస్ట్ పొడి దొరికితే కిలో మేతకు 10 గ్రాములు కలిపినా గ్లూకాన్ కొంత వస్తుంది, బీ విటమిన్లు అదనం. డబ్బు తక్కువ ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఇదే. సెలీనియం, జింక్ మంచి మినరల్ మిశ్రమంలో ఉంటాయి, విడిగా కొనవద్దు. సెలీనియం మోతాదుకీ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ.

కొర్రమీను పెంచేవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. మన రాష్ట్ర చేప అది, ఎర్రమచ్చకు అందరికంటే ముందు లొంగేదీ అదే. పచ్చి చేపలు కోసి వేస్తే వాటిలో కొన్ని రకాలు బీ1 విటమిన్‌ను చెడగొట్టే పదార్థం కలిగి ఉంటాయి. ఉడికించి వేయండి, లేదా ప్రోటీన్ ఎక్కువున్న గుళిక మేత అలవాటు చేయండి.

నీళ్ల గురించి చెప్పకుండా ముగిస్తే ఈ సమాధానం సగమే. సాగర్ ఎడమ కాలువ ఆగిపోయాక మనం బోరు నీళ్ల మీద పడతాం. మన బోరు నీళ్లు చాలా చోట్ల గట్టివి, క్షారం ఎక్కువ. పీహెచ్ పెరిగితే అమ్మోనియా విషమవుతుంది. మన వేడికి పీహెచ్ 7 దగ్గర ఉన్న అమ్మోనియాలో ఒక శాతం కూడా విషం కాదు, 9కి వెళ్తే దాదాపు 40 శాతం విషమే. పాచి ఎక్కువై నీళ్లు ముదురు పచ్చగా ఉన్న చెరువులో మధ్యాహ్నం మూడు గంటలకు పీహెచ్ చూడండి, పొద్దున చూసిన అంకె కంటే ఎంత తేడా ఉందో తెలుస్తుంది. అందుకే ‘జబ్బు రాకుండా సున్నం’ అని ఎవరో చెప్పగానే చల్లకండి. పీహెచ్ ఇప్పటికే 8.5 ఉన్న చెరువులో సున్నం చేపకు ఇంకో దెబ్బ. ఆక్సిజన్ తెల్లవారుజామున నాలుగు గంటలకు చూసుకోండి, లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. చేప ఒత్తిడిలో ఉంటే దాని రక్తంలో కార్టిసాల్ అనే హార్మోన్ పెరిగి, మనం మేల్కొలిపిన ఆ కణాలనే మళ్లీ పడుకోబెడుతుంది. రోజూ తెల్లవారుజామున పైకి వచ్చి నోళ్లు తెరిచే చేపలకు గ్లూకాన్ పెట్టి లాభం లేదు. ముందు ఏరేటర్, తర్వాత పొడి.

కాలువ నీళ్లు వదిలేటప్పుడు తూముకు సన్న జాలీ కట్టండి. వరిపొలాల్లోంచి వచ్చే కొర్రమీన్లు, పరకలు, జెల్లలు ఎర్రమచ్చను మోసుకొస్తాయి. మీ ఊరి చుట్టుపక్కల కాలువల్లో మచ్చలున్న చిన్న చేపలు కనబడ్డాయంటే మీ చెరువు దాకా రావడానికి ఎన్నో రోజులు పట్టదు. ఒక చెరువులో తిప్పిన వల ఇంకో చెరువులో వేసేముందు ఎండలో బాగా ఆరనివ్వండి. పనివాళ్లను అద్దె వలతో పిలిస్తే ఈ మాట ముందే చెప్పండి, వాళ్లు ఏమీ అనుకోరు.

ఇన్ని చేసినా మచ్చలు వస్తే? రావచ్చు. అప్పుడు పొడులు పెంచడం వల్ల లాభం లేదు. మేత సగానికి తగ్గించండి, చచ్చిన చేపలను గట్టు మీద పారేయకుండా దూరంగా గుంత తీసి సున్నం వేసి పూడ్చండి. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ తయారుచేసిన సిఫాక్స్ ఈ జబ్బు కోసమే ఉన్నది. మీటరు లోతున్న హెక్టారు నీళ్లకు 1 లీటరు, అంటే సగటు లోతు మీటరైతే మీ 2 ఎకరాలకు 800 మిల్లీలీటర్లు. ఎక్కువ నీళ్లలో కలిపి చెరువంతా సమానంగా చల్లాలి. షాపతను క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ రకాలు ఇస్తే తీసుకోకండి, అవి చేపల పెంపకంలో నిషేధం. మనం అమ్మిన చేప ఎవరో ఇంట్లో పిల్లలు తింటారు.

పరీక్షకు పంపాలంటే బతికున్న జబ్బు చేపనో, కళ్ల ముందు అప్పుడే చచ్చినదాన్నో పాలిథిన్ సంచిలో కట్టి, మంచు ముక్కల మధ్య పెట్టి తీసుకెళ్లండి. నీళ్లు వేరే సీసాలో. పొద్దున చచ్చి సాయంత్రం దాకా తేలిన చేప ఏమీ చెప్పదు. మీకు పాలేరులోని మత్స్య పరిశోధన కేంద్రం అందుబాటులో ఉంటుంది, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు వాళ్లకు పెబ్బేరు మత్స్య కళాశాల దగ్గర.

పని చేసిందో లేదో ఎలా తెలుస్తుందని ఇంకొకరు అడిగారు. లైసోజైమ్ కొలిచే యంత్రం మన దగ్గర ఉండదు కానీ నోటు పుస్తకం ఉంటుంది. పదిహేను రోజులకోసారి వల వేసి 50 చేపలు చూడండి. ఎన్నిటికి మచ్చ, ఎన్నిటికి తోక చివర అరుగుదల, ఎన్నిటి మొప్పలు పాలిపోయాయో రాయండి. పోయినసారి వల గీసుకున్న చోట గాయాలు మానాయా చూడండి. మేత ఎన్ని నిమిషాల్లో అయిపోయిందో రోజూ రాయండి. నాకు జబ్బు రాబోతోందని ముందు చెప్పింది ఎప్పుడూ ఆ నిమిషాల లెక్కే. 20 నిమిషాల్లో అయిపోయే మేత వరసగా మూడు రోజులు 40 నిమిషాలు పట్టిందంటే నేను వల తీస్తాను.

నవంబరు 15న మొదటి వల వేశాక 50 చేపల లెక్క, మధ్యాహ్నం పీహెచ్, తెల్లవారుజామున ఆక్సిజన్, ఈ మూడు ఇక్కడే రాయండి. రెండో విడత గ్లూకాన్ డిసెంబరు 13 కంటే ముందుకు జరపాలా అన్నది అవి చూసి చెప్తాను.